సర్క్యూట్ బోర్డుల పరాధీనత

స్వదేశి యను మాటకు నేడు దేశమున లోటు లేదు. సభలలో నది వినబడుచున్నది. ప్రభుత్వ ప్రకటనలలో కనబడుచున్నది. అంగళ్లలో సరకుపెట్టెల మీద సైతము ముద్రింపబడుచున్నది. కాని యా మాటను దినదినమును పరీక్షకు బెట్టుచున్న వస్తువొకటి మన యింటింట నున్నను, దానివంక చూచువారు మిక్కిలి తక్కువ. అదియే సర్క్యూట్ బోర్డు. చేతిలోని ఫోను, గోడమీది టెలివిజను, వసారాలోని కరెంటు మీటరు, పొలములోని మోటారు స్టార్టరు - దేని మూత విప్పి చూచినను లోపల నొక పచ్చని పలక యుండును. ఆ పలకను ఎవరు చేయుచున్నారు, ఎచ్చట చేయుచున్నారు, మన యూర నేల చేయకున్నారు అను ప్రశ్నలను పాఠకుల ముందుంచుట అవసరమని మేము తలంచుచున్నాము.

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగరు మీదుగ ఎల్.బి.నగరు వరకు గల బాటకు ఇరుప్రక్కలను శిక్షణాలయములు, విద్యార్థుల వసతిగృహములు నిండియున్నవి. ఎల్.బి.నగరు దాటినచో ఇబ్రహీంపట్నము దారిని, నాదర్‌గుల్ వైపున ఇంజనీరింగు కళాశాలలు గలవు. ఎలక్ట్రానిక్సు చదివిన యువకు డొకడు ఈ గదులలో నొకదానియందుండి, పొలములోని మోటారును ఫోనుద్వారా నడుపు స్టార్టరు నొకదానిని కల్పింప బూనెననుకొందము. బోర్డు పటమును గీయుటకు అతడు కానీ వ్యయము చేయ నక్కరలేదు. కికాడ్ అను సాధనము ఉచితముగ లభించును. జెనీవా యొద్దనున్న సెర్న్ విజ్ఞానసంస్థవారు సైతము 2013 నుండి దాని యభివృద్ధికి తోడ్పడుచు వచ్చిరి. కావున పటము గీయువరకు మలక్‌పేట యువకునకును, కాలిఫోర్నియా యువకునకును భేదము లేదు. భేద మా పిమ్మట మొదలగును.

అతనికి కావలసినవి ఐదు బోర్డులు. ఐదువేలు కాదు, ఐదే. మొదటి నమూనాలో తప్పులుండక మానవు, వానిని సరిదిద్ది రెండవ నమూనా చేయింపవలెను, మూడవదియు కావచ్చును. ఊరిలోని కర్మాగారమున కేగినచో ఐదింటికై యంత్రము నాపి సవరించుట గిట్టదని చెప్పుదురు. ఒప్పుకొన్నవారు సైతము ధర చెప్పుటకు రెండుదినములు, భాగములు సమకూర్చుకొమ్మని చెప్పుటకు మరి రెండుదినములు గడుపుదురు. ఇంతలో నతడు ఇంటర్నెట్టున షెంజెన్ నగరమందలి జె.ఎల్.సి.పి.సి.బి., పి.సి.బి.వే వంటి సంస్థల వాకిలి తట్టును. పటమును సమర్పించిన నిమిషములో ధర కంటికి గనబడును. పది సెంటీమీటర్ల చదరము, రెండు పొరలు గల ఖాళీ బోర్డులు ఐదింటికి రెండు డాలర్లని ఆ సంస్థలలో నొకటి బహుకాలముగ ప్రకటించుచు వచ్చినది. రవాణా వేరు, సుంకము వేరు, భాగముల కూర్పు వేరు. అన్నియు కలిపినను తక్కువకే పని ముగియును. అర్ధరాత్రి మలక్‌పేట నుండి వెళ్లిన యాజ్ఞ చీనాదేశమున తెల్లవారుసరికి పనిలోనికి వచ్చును.

ఈ పని యెట్లు జరుగునో తెలిసికొనక, దానిని నిందించుటయు మెచ్చుటయు రెండును తగవు. యువకుడు పంపునవి మూడు పత్రములు. రాగి రేఖ లెచ్చట నుండవలెనో, రంధ్రము లెచ్చట పడవలెనో తెలుపు గెర్బర్ ఫైళ్లు మొదటివి. ఏయే భాగములు ఎన్నేసి కావలెనో తెలుపు జాబితా రెండవది. ఏ భాగము పలకపై నేస్థానమున, ఏ దిశకు తిరిగి కూర్చుండవలెనో తెలుపు పట్టిక మూడవది. గాజునార, ఎపాక్సీ జిగురు కలిపి యొత్తిన పలకమీద సామాన్యముగ 35 మైక్రాన్ల మందము గల రాగిరేకు అంటియుండును. రేఖలకు కావలసిన రాగిని నిలిపి తక్కినదానిని రసాయనముతో కరగింతురు. రంధ్రములకు లోపల రాగిపూత పూయుదురు. పైన పచ్చని కప్పు వేయుదురు. పిమ్మట చిల్లులు గల యుక్కురేకు నొకదాని నానించి, టంకపు ముద్దను పూయుదురు. యంత్రపు ముక్కులు రీళ్లలోని భాగములను పీల్చి పట్టుకొని, ఒక్కొక్కదానిని దాని చోటున నుంచును. తుదకు పలక యంతయు పొయ్యి గుండ సాగిపోవును. సీసము లేని టంకమైనచో పొయ్యి వేడిమి 245 డిగ్రీల ప్రాంతము చేరును; టంకము కరగి, భాగము లన్నియు నొక్కసారి యతుకుకొనును. మన కంసాలి ఊదుగొట్టముతో నొక్కొక్క యతుకుగ చేయు పనియే యిది. యంత్రము వేల యతుకుల నొక్క వేడిమిలో ముగించును.

ధర యింత తక్కువగ నుండుటకు చీనాకూలి చవుకయే కారణమని మనలో పలువురి యభిప్రాయము. ఇది సగము సత్యము కూడ కాదు. యంత్రమున్న చోట కూలి స్వల్పమే. అసలు కారణ ముమ్మడితనము. కర్మాగారమున బోర్డులను పెద్ద పలకలుగ చేయుదురు. ఆ పెద్ద పలకపై నొక్కని పటమే యున్నను, ముప్పదిమంది పటము లున్నను, కరగించు వ్యయము, పూత వ్యయము, దాని కొరకు యంత్రమును సిద్ధపరచు వ్యయము ఇంచుమించు సమానమే. మలక్‌పేట యువకుని ఐదు బోర్డులు, బెర్లిను విద్యార్థి పది బోర్డులు, బ్రెజిలు వర్తకుని యిరువది బోర్డులు ఒక్క పలకమీద చేరును. వ్యయ మందరికి పంచబడును.

మలక్‌పేట గంజు నెరిగిన పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. రెండు బస్తాల ఉల్లి తెచ్చిన చిన్నరైతును, ఇరువది బండ్లు తెచ్చిన పెద్దరైతును ఒక్క కాటా యొద్దకే వత్తురు. రెండు బస్తాలకై దూరదేశపు వర్తకుడు రాడు; రెండేసి బస్తాలవారు వేయిమంది చేరినచో లారీలు బారులు తీరును. గంజు చేయునది ఉల్లిని పండించుట కాదు. చిల్లరను పోగుచేసి టోకుగ మార్చుట. షెంజెన్ సంస్థలు బోర్డులకు గంజు నేర్పరచినవి. మన యూర బోర్డులకు గంజు లేదు. ఈ యొక్క వాక్యములో సమస్య యంతయు నిమిడియున్నదని మా యభిప్రాయము.

భాగముల విషయమునను ఇదే నీతి పాటింపబడినది. యంత్రమునకు రీళ్లనెక్కించి దింపుట కాలవ్యయము గల పని. కావున అందరు తరచుగ వాడు భాగములను యంత్రముమీద నెల్లపుడు ఎక్కించియే యుంచి, వానిని వాడువారికి అదనపు రుసుము వేయరు. అరుదైన భాగమును కోరినచో ఒక్కొక్క రకమునకు మూడు డాలర్ల రుసుమని జె.ఎల్.సి.పి.సి.బి. నియమము. దీని ఫలిత మేమనగా, లోకమునందలి పటకారులందరు తమంత తాము ఆ సంస్థ గిడ్డంగిలో నున్న భాగములనే యెన్నుకొనుచున్నారు. పైగా భాగము లమ్ము ఎల్.సి.ఎస్.సి., పటము గీయు ఈజీ ఈ.డి.ఏ. అనునవియు ఆ కుటుంబములోనివే. పటము, భాగము, పలక, కూర్పు - నాలుగును ఒక్క కప్పుక్రింద చేరినవి. ఒక్కసారి యా యింట నడుగిడినవాడు వెలుపలికి వచ్చుటకు కారణము వెదకికొనవలసి వచ్చును.

ఇట్టి స్థితిలో ఆ యువకుని దేశాభిమానము లేనివాడని నిందించువారు కొందరు గలరు. మేము వారితో నేకీభవింపజాలము. అతనికి మన మేమి చూపితిమి? స్వదేశి యుద్యమ దినములలో విదేశీ వస్త్రమును వలదన్నవారు, వెంటనే రాట్నమును చేతికిచ్చిరి. వలదనుట సగము, ఇచ్చుట సగము. ఇచ్చునది లేక వలదనుట మాత్రమే చేసినచో నది యుపవాసబోధ యగును గాని స్వదేశి కాజాలదు.

మరికొందరు, బోర్డును చేతితోనే అతుకుకొనవచ్చును గదా యనుచున్నారు. కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి భాగములు కొని, ఇంట టంకము వేసికొను నలవాటు మంచిదే. విద్యార్థి కది యక్షరాభ్యాసము వంటిది. కాని నేటి భాగములు పూర్వపు రేడియోభాగముల వంటివి కావు. సామాన్యముగ వాడు నొక నిరోధకము పొడవు 1.6, వెడల్పు 0.8 మిల్లీమీటర్లు, అంతకంటె చిన్నది ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. ఆవగింజకు చేయి యాడవచ్చును; ఆవగింజలోని సగమునకు ఆడదు. అడుగుభాగముననే యతుకు లుండు చిప్పులకు సామాన్యపు టంకపుకోల చొరదు. కావున చేతిపనిని పొగడుట వేరు, దానిపై పరిశ్రమను నిలుపుట వేరు.

ఇచ్చట ఖద్దరు ఉద్యమము నేర్పిన పాఠ మొకటి స్మరింపదగియున్నది. రాట్నము ఇంటింట నుండవచ్చును. మగ్గ మింటింట నుండదు. నూలు వడుకువారు పలువురు, నేతగాడు ఒకడు. వడికిన నూలు మగ్గము చేరినపుడే వస్త్ర మగును. ఈ పరిశ్రమలో పటము గీయుటయే రాట్నము. అది నేడు మలక్‌పేటలో నింటింట తిరుగవచ్చును. లేనిది మగ్గము. మన పిల్లలు వడికిన నూలు షెంజెన్ మగ్గము చేరుచున్నది; వస్త్రమై తిరిగివచ్చుచున్నది. నూలు మనదైనందుకు సంతసింపవచ్చును. మగ్గ మేల లేదని యడుగకుండుట మాత్రము తగదు.

ఇందువలన నష్టమేమని యడుగవచ్చును. ధనము పోవుటయే నష్ట మన్నచో, ఐదు బోర్డుల వెల గొప్పది కాదు. అసలు నష్టములు వేరు.

మొదటిది, ద్వారము మూయబడు భయము. 2020 జూన్ నెలలో గల్వాను లోయలో రక్తపాతము జరిగిన పిమ్మట చీనానుండి వచ్చిన సరకులు మన రేవులలోను విమానాశ్రయములలోను సంపూర్ణ తనిఖీకై నిలిచిపోయినవి. అటువంటి ఘడియలో ఆ ప్రభుత్వము సరియా, ఈ ప్రభుత్వము సరియా యన్నది యటుంచినచో, నమూనాకై యెదురుచూచు చిన్నపరిశ్రమ దారుడు మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చును. 2025 ఏప్రిలులో చీనా ప్రభుత్వము అరుదైన ఖనిజముల అయస్కాంతముల యెగుమతికి అనుమతి నియమము పెట్టగా మన మోటారువాహన పరిశ్రమ కలతజెందెను. అదే సంవత్సరము అక్టోబరులో నెక్స్‌పీరియా సంస్థ విషయమై డచ్చి ప్రభుత్వమునకును చీనాకును వివాదము పుట్టి, చీనాలో ముగింపు చెందు చిప్పుల యెగుమతి నిలువగా యూరపు మోటారుకర్మాగారములే భీతిల్లినవి. ఆ చిప్పులు పైసల విలువవి. వాని కొరకు లక్షల విలువ గల బండ్లు నిలుచును. చిన్నవస్తువునకై పరుల నాశ్రయించుట చిన్న యాశ్రయము కాదు.

రెండవది, విద్య చేరవలసిన చోటికి చేరకుండుట. బోర్డు తప్పుగ వచ్చినపుడు ఏల తప్పెనో తెలిసికొనుటలో శిల్పరహస్యము గలదు. రంధ్రము రేఖకు మిక్కిలి చేరువయైనచో నేమగును, టంకము పలుచనైనచో భాగ మేల నిలుచుండును, చిప్పు తొంబది డిగ్రీలు తిరిగి కూర్చున్నచో దోషము పటముదా పట్టికదా యనునవి యంత్రముప్రక్క నిలిచినవానికి నెలలో తెలియును. వేయిక్రోసుల దూరమున నున్నవానికి ఉత్తరప్రత్యుత్తరములలో సంవత్సరమునకు తెలియును. ప్రతి ఆర్డరుతోను ఆ యనుభవ మచ్చట పోగగుచున్నది. మనకు వచ్చునది పలక. వారికి మిగులునది విద్య.

మూడవది, పటము పరహస్తగత మగుట. ఇందు భయము నతిశయింపజేయుట మాకిష్టము లేదు. ఆ మూడు పత్రములలో రాగిరేఖలు, భాగముల పేర్లు తెలియును గాని, చిప్పులోని కార్యక్రమము తెలియదు. సామాన్య స్టార్టరునకు అది చాలిన రక్షయే. కాని మలక్‌పేటకు దాపుననే కంచన్‌బాగున దేశరక్షణ ప్రయోగశాలలు, క్షిపణులు చేయు కర్మాగారము గలవు. అట్టి పనులలో చిన్న యుపకరణముల నొప్పందముపై చేయు యువకులకు విదేశమునకు పటమును పంపు మార్గము లేదు. స్వదేశమున చిన్నసంఖ్యలో, త్వరగ, సరసమైన ధరకు చేయువారు లేకున్నచో వారికి పనియే లేదు.

పరుల నేర్పుపై నిలిచిన కర్మాగారము గతి యేమగునో మలక్‌పేటవారు దూరము పోయి తెలిసికొన నక్కరలేదు. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఫ్రెంచి సేనాని రేమండు సమాధి యున్నది. మూసారాంబాగు పేరు అతని పేరినుండియే వచ్చినదని చెప్పుదురు. నిజాం అలీఖాను కొలువులో నతడు సేనలకు శిక్షణ యిచ్చి, ఫిరంగులు పోతపోయు కార్ఖానాలను నెలకొల్పెను. 1798 మార్చిలో నతడు మరణించెను. ఆ సంవత్సరమే ఆంగ్లేయులతో జరిగిన సంధిననుసరించి ఫ్రెంచి దళము చెదరగొట్టబడెను. రాజ్యరక్షణ మాంగ్లేయుల సైన్యమున కప్పగింపబడెను. ధనము నిజామువారిది, నేర్పు పరులది, నేర్పు తొలగినపుడు ధనము రాజ్యమును నిలుపలేదు. అతిథిగ వచ్చిన విద్యను ఇంటివిద్యగ మార్చుకొననివారి కిట్టి పాఠములు మరల మరల చెప్పబడును.

మనకు శక్తి లేదనుట సరికాదు. 1967 ఏప్రిలులో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను నెలకొల్పబడినపుడు దాని సారథ్యము వహించిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన తెలుగువారు. 1969లో టి.డి.సి.-12 అను దేశీయ కంప్యూటరు ఆ సంస్థనుండి వెలువడినది. ఇ.సి. టెలివిజనులు ఒకప్పుడు మన మధ్యతరగతి గృహములకు గౌరవచిహ్నములు. మలక్‌పేట టి.వి. టవరు పంపిన బొమ్మలను కుషాయిగూడలో కూర్చిన పెట్టెలలో జూచిన తరము ఇంకను మన మధ్య నున్నది. నేడును ఓట్లు వేయు యంత్రములను చేయు రెండు సంస్థలలో నిది యొకటి. ఆ సంస్థలో పనినేర్చి వెలుపలికి వచ్చినవారివలన ఆ చుట్టుపట్ల, చర్లపల్లి, మల్లాపురము పారిశ్రామికవాడలలో చిన్నకర్మాగారములు వెలసినవి. కావున మగ్గము మన కెన్నడును లేదనరాదు. ప్రభుత్వముకొరకు, పెద్దసంస్థలకొరకు మగ్గము నడచినది. చిల్లర నూలు తెచ్చినవానికి మాత్రము తలుపు తెరువబడలేదు.

ప్రభుత్వములు నిద్రించుచున్నవని మేమనము. 2024లో కేంద్రప్రభుత్వము చీనా, హాంకాంగుల నుండి వచ్చు కొన్ని తరగతుల ఖాళీబోర్డులపై డంపింగు నిరోధక సుంకమును విధించినది. 2025 మార్చిలో ఎలక్ట్రానిక్ భాగముల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకమునకు మంత్రివర్గ మామోదము తెలిపినది. బహుపొరల బోర్డులును ఇందు చేరియున్నవి. అదే సంవత్సరము తిరుపతి జిల్లా నాయుడుపేటలో సిర్మా ఎస్.జి.ఎస్. సంస్థవారి బోర్డుల కర్మాగారము ప్రకటింపబడినది. ఎల్.బి.నగరునకు దక్షిణమున కొంగరకలానులో ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఇవి యన్నియు మెచ్చదగినవే. కాని వీనిలో నేదియు ఐదు బోర్డులు కోరువాని కొరకు నుద్దేశింపబడలేదు. లక్షలు చేయువానికి రాయితీ గలదు. ఐదు చేయించువానికి సుంకము గలదు. దిగుమతిపై నతడు 18 పాళ్ల జి.ఎస్.టి. చెల్లించును. వ్యాపారము నమోదైయున్నవాడు దానిని పిమ్మట మినహాయించుకొనును. విద్యార్థికి ఆ మార్గము లేదు. భాగములు కూర్చిన బోర్డు ఏ యంత్రమున కంగమగునో దానినిబట్టి సుంకము మారును గాన, నూటికి తొంబదిమందికి ముందుగ లెక్కయే తెలియదు. మగ్గము నీయకమునుపే నూలుపై పన్ను వేయుట వంటిది ఈ పద్ధతి.

రాష్ట్రరాజధానిలో నొక్క మంచిప్రయత్నము జరిగినది. 2023 మార్చి 2వ తేదీన రాయదుర్గమున టి-వర్క్స్ అను నమూనాల కర్మశాలను ఫాక్స్‌కాన్ అధ్యక్షుడు యంగ్ లియూ ప్రారంభించి, బోర్డులపై భాగములమర్చు యంత్రశ్రేణి నొకదానిని కానుకగ ప్రకటించెను. మలక్‌పేట స్టేషనులో మెట్రోరైలెక్కి అమీర్‌పేటలో మారినచో రాయదుర్గము చేరవచ్చును. కాని యంత్రమున్నంతమాత్రమున గంజు కాదు. కాటా యున్నచోట నిర్ణీతదినము, నిర్ణీతధర, సరకునకు చోటు, నమ్మకము ఉండవలెను. గాంధీనగరులోని పి.సి.బి. పవర్, బెంగుళూరులోని లయన్ సర్క్యూట్స్ వంటి దేశీయసంస్థలు ఇంటర్నెట్టు ద్వారా ఆర్డరు గైకొని, బోర్డులు చేసి, భాగములు కూర్చి యిచ్చుచున్నవి. అల్పసంఖ్యలో వారి ధరలు సామాన్యముగ షెంజెన్ ధరల నందుకొనలేకున్నవి. ఆర్డరులు పెరిగినగాని ధర తగ్గదు, ధర తగ్గినగాని ఆర్డరులు పెరుగవు. ఈ ముడిని విప్పుట వర్తకు డొక్కని తరము కాదు.

ఏమి చేయవలెనో మేము సంగ్రహముగ చెప్పుదుము. మొదట, హైదరాబాదుచుట్టు గల ఇంజనీరింగు కళాశాలలును పాలిటెక్నికులును తమ విద్యార్థుల పటములను వేర్వేరుగ విదేశమునకు పంపనీయక, వారమున కొకదినము నొక్కచోట చేర్చవలెను. ఒక్క కళాశాలలో నిరువదిమంది పట ముత్సాహముతో గీసినచో, పది కళాశాలలకు పలక నిండును. రెండవది, ఆ పలకను కుషాయిగూడ, చర్లపల్లి కర్మాగారములలో నొకదానికి ఒప్పందముపై నిచ్చి, ధరపట్టికను బహిరంగముగ ప్రకటింపవలెను. "పంపుడు, చూచి చెప్పెదము" అను మాటయే మన పరిశ్రమకు మొదటి శత్రువు. చెప్పిన ధర, చెప్పిన దినము - ఈ రెండు వాగ్దానములపైననే షెంజెన్ సామ్రాజ్యము నిలిచియున్నది. మూడవది, తరచుగ వాడు కొన్నివందల భాగములను ఉమ్మడి గిడ్డంగిలో నిలువయుంచి, వాని జాబితాను కళాశాలలకు పంచవలెను. విద్యార్థి ఆ జాబితానుండియే పటమును గీయును. నాలుగవది, నమూనా బోర్డులకు కొంతసంఖ్యవరకు పన్ను మినహాయింపు నిచ్చి, సుంకపు గోడను దేశీయ సౌకర్యము లేచినకొలది లేపవలెను గాని ముందుగ కాదు. వీనిలో నేదియు వేలకోట్ల పని కాదు. పూనిక గల పదిమంది పని.

భూస్వాములగు మన పాఠకులకు ఇందేమి సంబంధమని తోపవచ్చును. సంబంధము వారి బావియొద్దనే గలదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ప్రారంభమైనపుడు, ఆటో స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది. కరెంటు వచ్చినంతనే మోటారు తనంత తిరిగి, నీరు వృథాయై, భూగర్భజల మడుగంటునని భయము. కావలసినది తనంత తిరుగు స్టార్టరు కాదు, చెప్పినపుడు తిరిగి చెప్పినపు డాగు స్టార్టరు. మన యూళ్ల వోల్టేజి హెచ్చుతగ్గులకు, మూడు ఫేజులలో నొకటి పోయినపుడు, బావి యెండినపుడు మోటారు కాలకుండ కాపాడు బోర్డు ఎట్లుండవలెనో షెంజెన్‌వారికి తెలియదు. నల్లగొండ రైతు కుమారునకు తెలియును. అతడే పటము గీయగలవాడు. మేఘగర్జనతో బోర్డు కాలినపుడు దానిని నాలుగుదినములలో మార్చి యిచ్చువాడును అతడే కాగలడు. అతని ఐదు బోర్డులు త్వరగ చేతికివచ్చినచో ఐదువందలగును. ఆ పిమ్మట ఐదువేలగును.

ఎల్.బి.నగరు దాటిన పొలమంతయు ప్లాట్లుగ మారిన తీరును మన మందరము చూచుచున్నాము. రాతికడ్డీలు పాతిన భూమిలో ధనము నిదురించును; దాని వెల పెరిగినను అది యొక్క చేతికైనను పని నేర్పదు. 1910లో మచిలీపట్నమున కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు ఆంధ్ర జాతీయకళాశాలను నెలకొల్పి, చదువుతోపాటు చేతిపనులను నేర్పబూనినపుడు, ఆ దినముల భూస్వాములు, న్యాయవాదులు, వర్తకులు చందాల నిచ్చిరి. లాభము లెక్కించి యిచ్చినవారు కారు. జాతికి చేతులుండవలెనని యిచ్చిరి. నేటి కార్యము వారి కార్యముకంటె చిన్నది. ఒక్క యంత్రశ్రేణి, ఒక్క గిడ్డంగి, ఒక్క నమ్మకమైన ధరపట్టిక. రెండు ప్లాట్ల వెలకు మొదలుపెట్టదగిన పనియిది. లాభముతో నడువదగిన పనియు నిదియే.

మలక్‌పేట యువకుడు ఈరాత్రియు తన పటమును ముగించును. ఎచ్చటికి పంపవలెనని యొక్కక్షణము తలంచును. ఆ క్షణమున నతనికి మన యూరి పేరొకటి తోచునట్లు చేయుట మన వంతు. అది చేయువరకు నతని నిందించుటకు మన కధికారము లేదు. చేసిన పిమ్మట నిందింప నవసరముండదు. ఈ విషయమును కళాశాలల యాజమాన్యములు, పారిశ్రామిక సంఘములు, ధనవంతులగు మన పాఠకులు ఆలోచించి, మాటలకు తోడు మగ్గమును నిలుపుదురని మేము విశ్వసించుచున్నాము.